రెండు ముడుల మధ్య నాలుగు వేళ్ళు

మొన్న మనవరాలి పెళ్ళికి జాకెట్టు కుట్టించుకోవడానికి నిజామాబాద్‌లో ఒక బొటిక్‌కు వెళ్ళాల్సి వచ్చింది. అరవై ఏళ్ళ పైన నా బట్టలు నేనే కుట్టుకున్నాను. ఇప్పుడు కళ్ళలో శుక్లాలు ముదిరి సూదిలోకి దారం ఎక్కడం లేదు, అంతే. ఆ షాపులో మౌనిక అనే పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయేమో, మెడలో టేపు వేసుకుని నా ముందుకొచ్చి, "అమ్మా, జర ఊపిరి ఇడువుండ్రి" అన్నది. నేను బిగబట్టలేదని చెప్పాను. "బిగవట్టిండ్రమ్మా. భుజాలు జూడుండ్రి, ఫొటోకు నిలవడ్డట్టున్నయి" అన్నది. మా ఇంట్లో అందరూ అలాగే నిలబడతారని చెప్పాను. ఆ పిల్ల కొలిచి పుస్తకంలో రాసుకున్నది. వారం తర్వాత జాకెట్టు వచ్చింది. చేతులు దూరాయి. హుక్కులు మాత్రం కలవలేదు.

ఆ మధ్యాహ్నం నా పాత కుట్టు పెట్టె తెరిచి, అడుగున బొత్తాల డబ్బా కింద ఉన్న నూలు తాడు బయటికి తీశాను. ఒకప్పుడు తెల్లనిది, ఇప్పుడు పలచని టీ రంగుకు తిరిగింది. ఒక కొసన చిన్న ఉచ్చు ఉంది. రెండో కొస వైపు రెండు ముడులున్నాయి. ఆ రెండింటి మధ్య ఎడం సరిగ్గా నాలుగు వేళ్ళు. నా జీవితంలో నేను తీసిన మొదటి కొలత అది. అది మా చిన్నబాపు నడుము.

మాది చందూర్ దగ్గర ఒక ఊరు. ఎలాంటి ఇల్లో ఇక్కడ చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. మా ముందు ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదని మాత్రం చెబుతాను, అది గొప్ప అనుకున్న రోజులు ఉండేవని కూడా. నాకు బుద్ధి తెలిసేటప్పటికి అదంతా పోయింది. అమ్మా నాన్నా ఒకరి వెనుక ఒకరు పోయారు. అవ్వ, చిన్నబాపు, నేను బోధన్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చాం. అవ్వంటే నాన్నను కన్న తల్లి, చిన్నబాపు ఆమె చిన్నకొడుకు. మాతో పాటు వచ్చినవి నాలుగు పెట్టెలు, ఒక రాగి గంగాళం, అవ్వ కూర్చునే పీట. పీట ఎక్కడుంటే అక్కడే మా ఇల్లు అన్నట్టుగా అవ్వ దాని మీద నిటారుగా కూర్చునేది. గోడకు వీపు ఆనించడం ఆమె ఎరగదు. "వీపు వంచితే మనిషి సగమైతడు" అనేది. అన్నం తినేటప్పుడు నేను కొంచెం వంగితే చాలు, వెనుక నుంచి రెండు వేళ్ళు నా వెన్ను మీద తట్టేవి.

చలి మొదలయ్యే రోజుల్లో బోధన్‌లో పొద్దున లేవగానే ముందు ముక్కు లేచేది. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి కాగిన చెరుకురసం వాసన, దాని వెనుకే పులిసిన మడ్డి వాసన వచ్చేవి. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కాఫీ తాగేది. నాకు ఆ వాసన ఇష్టమని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. సీజన్‌లో మా వీధిలో తెల్లారకముందే చెరుకు బండ్లు వరుస కట్టేవి. వాటిలో సగం చందూర్, వర్ని వైపు నుంచి వచ్చినవే. అంటే మమ్మల్ని ఎరిగిన వాళ్ళవే. చిన్నబాపు ఫ్యాక్టరీ కాంటా దగ్గర గుమాస్తా. ఒకప్పుడు మా వాకిట్లో నిలబడిన రైతుల చెరుకు తూకం ఇప్పుడు ఆయన కాగితం మీద రాసిచ్చేవాడు. వాళ్ళు ఇంకా "దొరా" అనే పిలిచేవారు. ఆయన అలా పిలవొద్దనేవాడు కాదు, పిలిచినప్పుడు తల ఎత్తేవాడూ కాదు.

చిన్నబాపుకు ఒక విద్య ఉంది. పెద్దకొడుకు భూములు చూసుకుంటాడు కనుక చిన్నవాణ్ణి కుర్రతనంలోనే పాత ఫౌజులోకి పంపారు. అక్కడ ఆయన బ్యాండులో మశ్కు వాయించాడు. తోలు తిత్తిని చంకలో పెట్టి నొక్కుతూ గొట్టంలోకి ఊదే బాజా అది. ఆ ఫౌజును రద్దు చేసినప్పుడు యూనిఫాం వాపసు తీసుకున్నారు. మశ్కు ఆయన సొంతం కాబట్టి ఆకుపచ్చ సంచిలో ఇంటికి వచ్చింది. కిరాయి ఇంట్లో అది మేకుకు వేలాడేది. నెలకోసారి దించి, తోలుకు నూనె రాసి, మళ్ళీ వేలాడదీసేవాడు. ఊదగా మాత్రం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ ఏడు ఫ్యాక్టరీలో మొదటి చెరుకు వేసే రోజు బ్యాండు పెట్టాలని అనుకున్నారు. చిన్నబాపు ఫౌజులో మశ్కు వాయించాడని ఎవరో చెప్పారట. పెద్ద సాబ్ పిలిచి, పూర్తి ఫౌజు డ్రెస్సులో ముందు నడవాలి అన్నాడు. ఫౌజు డ్రెస్సు అంటే కిల్టు. మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ ఊలు బట్ట, నడుం చుట్టూ చుట్టి కుచ్చిళ్ళు పెట్టేది. ఆ సాయంత్రం చిన్నబాపు వచ్చి పీట ముందు నిలబడి అవ్వకు ఈ మాట చెప్పాడు.

"లంగ తొడుక్కుంటవా?" అన్నది అవ్వ.

"లంగ గాదమ్మా. ఫౌజు బట్ట."

"ఎవలు జూస్తరు?"

"అందరు. బండ్లోళ్ళు సుత."

"మన ఊరోళ్ళు?"

చిన్నబాపు తల ఊపాడు. అవ్వ నావైపు తిరిగింది. "ఇగ సూడు బిడ్డా. మన భూమి పోయింది, ఇల్లు పోయింది, నేను ఏడ్వలేదు. గని గా బండ్లోళ్ళు నా కొడుకును జూసి నవ్విండ్రో, తెల్లారి నేనీ ఊర్లె ఉండ" అన్నది. అవ్వ అన్నదంటే చేసేది. చిన్నబాపు మొహం చూశాను. ఆయనకు వాయించాలని ఉంది. మేకుకున్న ఆకుపచ్చ సంచి వైపు చూసి మళ్ళీ చూపు దించుకున్నాడు. అంత పెద్ద మనిషి ఒక దాని కోసం అలా చూడటం నేను అంతకుముందు చూడలేదు.

"మంచిగ కుడితె ఎవలు నవ్వరు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అప్పటికి నేను కుట్టింది రెండు దిండు గలేబులు, అందులో ఒకటి దిండు కంటే చిన్నది.

దర్జీకి ఇవ్వొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మా ఇంట్లో ఎవరూ దర్జీ దుకాణానికి వెళ్ళేవారు కాదు. దర్జీయే వచ్చేవాడు. ఏటా ఒక నెల మా వసారాలో చాప వేసుకుని కుట్టేవాడు. ఇప్పుడు పిలిపించే స్థితి లేదు, బజార్లో నిలబడి కాళ్ళు కొలిపించుకునే అలవాటు లేదు. పైగా బజార్లో ఒకరికి తెలిస్తే కొలతతో సహా ఊరందరికీ తెలుస్తుంది. ఇంట్లోనే కుట్టాలని అవ్వ తీర్పు చెప్పింది. మరునాడు మూడో పెట్టె తెరిచి, ఎండు వేపాకుల మధ్య నుంచి ఒక తాను తీసింది. ఎరుపు, ఆకుపచ్చ గళ్ళ ఊలు బట్ట. బగ్గీ గద్దెలకని తాత ఎక్కడి నుంచో తెప్పించాడట. బగ్గీయే పోయింది, తాను విప్పనే లేదు. పన్న తక్కువ, మూరన్నర ఉంటుంది. పొడవు మాత్రం ఏడు గజాలు. "గీ తానుకు కత్తెర తగుల్తె నీ చెయ్యి ఇరగ్గొడ్త" అన్నది నాతో. కత్తెర లేకుండా కుట్టడం ఎలాగో అడిగే ధైర్యం నాకు లేదు.

పక్కింట్లో హమీదా ఖాలా ఉండేది. ఆమె భర్త దర్జీ. ఆయన పోయాక కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి పెట్టుకుని, మొహల్లా ఆడపిల్లల బట్టలు మాత్రం కుట్టేది. మా మధ్య ఉన్న మట్టిగోడ నా భుజాల ఎత్తు. ఖాలా ఆ గోడ మీద మోచేతులు ఆనించి, పాన్ నములుతూ మా ఇంటి పనులన్నీ చూసేది. అవ్వ ఆమెతో సూటిగా మాట్లాడేది కాదు, గోడతో మాట్లాడేది. ఖాలా గోడకే జవాబు చెప్పేది. ఇద్దరికీ అది బాగానే ఉండేది. తాను చూడగానే ఖాలా నవ్వింది. "దీనికి కత్తెర ఎందుకు బేటీ? పన్ననే పొడుగైతది. నడుం నుంచి మోకాలు దాకా సరిపోతది. మిగిలిందంత మడతలే" అన్నది. బట్ట మీద వరుసగా వచ్చే ఎర్రగీతను చూపించి, ప్రతి మడత మీదికి అదే గీత రావాలని నేర్పింది. అప్పుడు కుచ్చిళ్ళు పెట్టినా గళ్ళు చెదరవు. ముందు కచ్చా కుట్లు వేయాలి, తర్వాత తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె నొక్కాలి, ఆ తర్వాతే అసలు కుట్టు. "ముందు నడుం కొలువు" అన్నది.

నడుం కొలవడం మా ఇంట్లో తేలిక పని కాదు. పదహారేళ్ళ ఆడపిల్ల, చిన్నబాపే అయినా సరే, మగమనిషి నడుం చుట్టూ చెయ్యి వేయకూడదు. అవ్వ రెండు గదుల మధ్య పరదా వేసింది. పరదాకు అటు చిన్నబాపు, ఇటు నేను. నూలు తాడుకు ఉచ్చు వేసి పరదా కింద నుంచి పంపాను. ఆయన నడుం చుట్టూ తిప్పి, కలిసిన చోట తనే ముడి వేసి, తిరిగి కిందనుంచి తోశాడు. రాజ్యాలు ఇచ్చిపుచ్చుకున్నంత గంభీరంగా ఆ పని జరిగింది.

పది రోజులు కుట్టాను. ఇరవై ఏడు కుచ్చిళ్ళు వచ్చాయి. తడి ఊలు, కాలే బొగ్గు, వేపాకు వాసనలు కలిసి గది అంతా గొర్రెలదొడ్డి లాగా ఉండేది. వేళ్ళకు సూది పోట్లు పడ్డాయి. వాటిని ఎవరికైనా చూపిద్దామంటే ఎవరూ చూసేవారు కాదు. కుచ్చిళ్ళు ఎటువైపు ఉండాలో అవ్వను అడిగితే, "ముంగటనే. చీరకైనా ధోతికైనా కుచ్చిళ్ళు ముంగటనే గద" అన్నది. నాకూ అందులో అనుమానం కనిపించలేదు. సీజన్ ముందు కాంటాలు సరిచూసే పనిలో చిన్నబాపు చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఒక ఆదివారం చూశాడు. చాలాసేపు చూశాడు.

"బిడ్డా, మస్తు కుట్టినవ్. గని కుచ్చిళ్ళు ఎనుకకుండాలె."

"ఎనుకకు ఎవడు జూస్తడురా?" అన్నది అవ్వ.

"ఎనుక నడిచేటోళ్ళు జూస్తరమ్మా. నేను ముంగట నడుస్త గద."

ముందు నడిచేవాడు అనే మాటకు అవ్వ మెత్తబడింది. నేను నడుం పట్టీ, కొక్కేలు అన్నీ ఊడదీసి, మూడు రోజులు మళ్ళీ కుట్టాను. ఖాలా గోడ మీద నుంచి, "మొదటి బట్ట ఇప్పకుంట కుట్టినోళ్ళు దునియాల లేరు బేటీ" అని ఓదార్చింది.

మొదటి చెరుకు వేసే రోజుకు ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం వాకిట్లో తొడిగి చూద్దామన్నారు. చిన్నబాపు కిల్టు కట్టుకుని బయటికి వచ్చాడు. లోపల పైజామా మోకాళ్ళ మీదికి మడిచి ఉంది. అది అవ్వ షరతు. నడుం దగ్గర రెండు ఇత్తడి కొక్కేలు మెరుస్తున్నాయి. గళ్ళు ఒకదాని కింద ఒకటి తప్పకుండా దిగాయి. ఆయన నిలబడిన తీరు చూసి అవ్వ కళ్ళలో ఒక వెలుగు కనిపించింది. తాత అలా నిలబడేవాడని తర్వాత చెప్పింది. నేను ఒక పెద్ద కళాకారిణిని అయిపోయానని నాకు నమ్మకం కలిగింది. ఆ నమ్మకం నిమిషం కంటే ఎక్కువ ఉండలేదు.

"ఊది సూడు" అన్నది అవ్వ.

చిన్నబాపు ఆకుపచ్చ సంచి విప్పి, తిత్తి చంకలో పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చాడు. ముందు పొట్ట ముందుకొచ్చింది. తర్వాత ఒక కొక్కెం లేచిపోయి ఎదురుగా రాగి గంగాళానికి తగిలి ఖంగుమన్నది. రెండోది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. కిల్టు మెల్లగా దిగి పాదాల చుట్టూ ఎర్రటి ఆకుపచ్చటి చుట్టకుదురులా కూర్చున్నది. ఆయన పైజామాలో నిలబడి ఉన్నాడు. చంకలో తిత్తిలోంచి గాలి పోతూ మేకపిల్ల లాగా అరుస్తోంది. ఎవరూ కదల్లేదు. నాకు ఏడుపు వస్తోంది.

అప్పుడు ఎక్కడి నుంచో ఒక శబ్దం వినిపించింది. అవ్వ. పీట మీద ఊగిపోతోంది. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. చూస్తుండగానే అవ్వ వీపు వెనుకకు వాలి గోడకు ఆనింది. నా ఎరుకలో మొదటిసారి. "అయ్యో... మేకపిల్ల... మేకపిల్ల ఒర్లినట్టు..." అని మాట పూర్తి కాకుండానే మళ్ళీ నవ్వింది. గోడకు అవతల ఖాలా కనిపించడం లేదు. నవ్వుతూ కింద కూర్చుండిపోయిందట.

లేచాక ఖాలా నన్నడిగింది, "కొలత ఎట్ల తీస్తివి?" పరదా సంగతి చెప్పాను. "ముడి ఏసేటప్పుడు ఆయన ఊపిరి బిగవట్టిండా?" అన్నది. అందరం చిన్నబాపు వైపు చూశాం. ఆయన కిల్టు తీసి చేత్తో దులుపుతూ, "కొలతకు నిలవడ్డప్పుడు పొట్ట లోపటికి పట్టాలె గద" అన్నాడు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి అందరికీ నేర్పింది అదే. దర్జీ ముందు, ఫొటో ముందు, రైతు ముందు ఎప్పుడూ ఛాతీ బయటికి, పొట్ట లోపలికి. "నిలవడ్డ దొరకు కుట్టిండ్రు మీరు. ఊదేటోడికి కుట్టలే" అన్నది ఖాలా. ఈసారి గోడతో కాదు, సూటిగా అవ్వతోనే. "ఊదుకుంట ఉండంగ కొలవాలె దొరసానీ. పిల్లను కొలువనీ."

అవ్వ కళ్ళు తుడుచుకుంది. పరదా గురించి ఆలోచించింది కాబోలు. తర్వాత లేచి వచ్చి, కిల్టు కొడుకు నడుం చుట్టూ చుట్టి, వెనుక నుంచి రెండు చేతులతో పట్టుకుంది. "ఊదురా. నువ్వు కొలువు బిడ్డా" అన్నది.

ఆయన ఊదాడు. ఆ చప్పుడు నేను ఊహించిన దానికంటే చాలా పెద్దది. ముందు తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒక రొద, దాని మీద పాట. గోడ మీద పిచ్చుకలు లేచిపోయాయి. నేను నూలు తాడు పట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్నాను. ఊపిరి పీల్చినప్పుడు తాడు బిగుస్తుంది, వదిలినప్పుడు సడలుతుంది. ఎక్కడ ముడి వేయాలో తెలియడం లేదు. "నిండుగ పీల్చినప్పుడు ఎయ్" అని ఖాలా అరిచింది. వేసి తల ఎత్తితే, దడి అవతల వీధిలో మనుషులు. ఫ్యాక్టరీ మైదానంలో జాగా పట్టుకోవడానికి ముందే వచ్చిన చెరుకు బండ్లు ఆగి ఉన్నాయి. పది మంది, పదిహేను మంది ఉంటారు. ముందున్న వాడు మా ఊరి గంగారాం.

వాళ్ళు నవ్వుతున్నారు. దాచుకోకుండా, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. మడిచిన పైజామా, దాని మీద గళ్ళబట్ట, దాన్ని వెనుక నుంచి పట్టుకుని వేలాడుతున్న దొరసాని, చుట్టూ తాడుతో తిరిగే పిల్ల. నేనైనా నవ్వేదాన్ని. అవ్వ చేతులు వదిలేస్తుందని అనుకున్నాను. చిన్నబాపు ఆపేస్తాడని అనుకున్నాను. ఆయన ఆపలేదు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. పాట మార్చాడు. మా వైపు నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాట అందుకున్నాడు. ఫౌజులో నేర్చుకున్నది కాదు అది. బండ్ల దగ్గర నవ్వు ఒకరి తర్వాత ఒకరికి ఆగిపోయింది. పాట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"ఇంకొక్కపారి ఊదు దొరా" అన్నాడు గంగారాం. "గీపారి నవ్వం."

చిన్నబాపు గొట్టం నోట్లోంచి తీశాడు. "నవ్వుండ్రి. నా నోరు ఖాళీ లేదు గని, లేకుంటె నేను సుత నవ్వెటోణ్ణి" అన్నాడు.

అవ్వ వెనుక నుంచి, "గంగారాం, జర ఆ కొక్కెం ఏడవడ్డదో సూడుపో" అన్నది. అతను దడి దాటి లోపలికి వచ్చి, చెప్పులు విడవడం మరిచిపోయి, వాకిలంతా వెతికాడు. దొరకలేదు. అవ్వ అతని చెప్పులు చూసింది. ఏమీ అనలేదు.

నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కడి నుంచి తేవాలి? ఖాలా చెప్పింది. ఇరవై ఏడు కుచ్చిళ్ళలో ఒక్కొక్క దాని నుంచి గోరంత వదలాలి. మళ్ళీ అన్నీ విప్పాను. ఎర్రగీత గోరంత పక్కకు జరిగింది. తెలిసిన వాళ్ళకు తప్ప తెలియదు. తెలిసింది ఖాలాకు, అవ్వకు, నాకు మాత్రమే. మొదటి చెరుకు రోజు చిన్నబాపు బ్యాండు ముందు నడిచాడు. అవ్వ గంగారాం బండిలో, చెరుకు గడల మీద తన పీట వేసుకుని నిటారుగా కూర్చుని చూసింది. ఎవరైనా నవ్వారో లేదో నేను గమనించలేదు. నా కళ్ళు ఆయన నడుం మీద ఉన్నాయి. ఆయన ఊపిరి పీల్చిన ప్రతిసారీ నేను నా ఊపిరి ఆపుకున్నాను. కొక్కేలు నిలిచాయి.

తర్వాత ఖాలా మిషన్ మీది దుప్పటి తీసి నాకు నేర్పింది. మాక్లూర్‌లో పదేళ్ళు, నిజామాబాద్‌లో ఇరవై ఏళ్ళు ఆడపిల్లలకు కుట్టు నేర్పాను. నేను దర్జీని కాను, కుట్టు నేర్పిన దాన్ని. ఆ తేడా అవ్వ పెట్టింది, నేను నిలబెట్టుకున్నాను. కొలత తీసేటప్పుడు అవతలి మనిషిని మాట్లాడించమని ప్రతి పిల్లకూ చెప్పాను. ఇప్పుడు కొలతలకు టేపులు, మిషన్లకు మోటార్లు వచ్చాయి. గుడ్డ ఎంత కావాలో ఫోనే చెబుతుంది. కుట్టు మునుపటి కంటే చక్కగా ఉంది, అది ఒప్పుకుంటాను. కానీ మా పది రోజుల కుట్టును ఇప్పటివాళ్ళు ఒక పూటలో కుడితే, మిగిలిన తొమ్మిదిన్నర రోజులు ఏం చేస్తున్నారో నాకు అర్థం కాదు.

జాకెట్టు పట్టుకుని మళ్ళీ బొటిక్‌కు వెళ్ళాను. నాతో నూలు తాడు కూడా తీసుకెళ్ళాను. "మల్ల కొలవాలె అమ్మా. గీపారి ఊపిరి ఇడుస్తరా?" అన్నది మౌనిక. నేను నిటారుగా నిలబడ్డాను. తాడు చూపించి, ఈ రెండు ముడులు ఎందుకున్నాయో తెలుసా అని అడిగాను. తెలియదన్నది. గంగాళానికి కొక్కెం తగిలిన చోటికి వచ్చేసరికి ఇద్దరం నవ్వుతున్నాం. షాపులో మిగతా వాళ్ళు కూడా ఇటు తిరిగారు. గంగారాం చెప్పులు విడవకుండా లోపలికి వచ్చిన దాకా చెప్పి, ఇక కొలుచుకో అన్నాను.

"ఎప్పుడో కొలిచిన అమ్మా" అన్నది ఆ పిల్ల, టేపు మెడలో వేసుకుంటూ.